ఆరబెట్టిన తొడుగు

ఈరమ్మ తెచ్చిన బంకను కొనేవాళ్లు ఒక్కసారి కూడా వెనక్కి కొట్టలేదు. ఈ మాట గూడెంలో ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఈరమ్మే చెబుతుంది. పుల్లలచెరువు దాటి నల్లమల వైపు పోతే అడవి అంచున ఉంటుంది వాళ్ల చెంచుగూడెం. ఎండలు ముదిరితే మగవాళ్లు తపసి చెట్లకు గాట్లు పెడతారు. ఆ గాట్లలోంచి కారి గడ్డకట్టిన బంకను ఆడవాళ్లు గీరి తెచ్చి, బెరడు ముక్కలు ఏరేసి, గుడ్డ మీద పరిచి నీడలో ఆరబెడతారు. తడి ఉన్న బంక నల్లబడుతుంది, బూజు పడుతుంది, కంపు కొడుతుంది. అలాంటి గడ్డ ఒక్కటి కనబడినా బంక కొనే షెడ్డు దగ్గర బస్తా మొత్తం పక్కకు తోసేస్తారు. అందుకే ఈరమ్మ బంకను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. గంటకోసారి తిప్పేది, మీద ఎండుటాకు పడితే చేతిలో పని వదిలేసి పోయి తీసేది. ఆమె గడ్డను ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనబడేది. తడి అంటే ఆమెకు పాముతో సమానం.

చెట్లకు గాట్లు పెట్టే మనిషి ఆమె మొగుడు పెద్దమల్లయ్య. పెట్టిన మనిషి అనాలి. పోయిన వానాకాలం ఒక పొద్దున గొడ్డలి భుజాన వేసుకుని బయలుదేరబోతూ గడపలోనే కూలబడ్డాడు. నోరు ఒక పక్కకు పోయింది. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. ఎవరు ఏ మందు చెబితే ఆ మందు మింగాడు. కొన్నాళ్లకు నోరు కుదురుకుంది, కాలు ఈడ్చుకుంటూ అయినా నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. రాకపోతే రాకపోయింది, అది ముడుచుకోవడం మొదలుపెట్టింది. వేళ్లు ఒక్కొక్కటే లోపలికి పోయి పిడికిలి బిగుసుకుంది. ఈరమ్మ రెండు చేతులతో లాగినా తెరుచుకునేది కాదు. లోపల చెమట నిలిచి, గోళ్లు అరచేతిలో గుచ్చుకుని పుండు పడింది. ఎడంచేత్తో అన్నం తింటూ, ఆ పుండు వాసనకు తనే మొహం పక్కకు తిప్పుకునేవాడు.

మార్కాపురంలో కాళ్లూ చేతులూ ఆడించి వైద్యం చేసే శ్యాంసన్ సారు దాపరికం లేకుండా చెప్పాడు.

"ఈ వేళ్లను రోజూ తెరిపిస్తా ఉండాల పెద్దాయనా. నరాలు పూర్తిగా కురచయినాయంటే ఇంక ఎవురూ తెరవలేరు. ఈ ఎండాకాలం లోపలే ఏదన్నా చేసుకోవాల."

రోజూ మార్కాపురం పోయి రావడం ఎవరివల్ల అవుతుంది? బస్సు ఉన్ననాడు కాలు సహకరించదు, కాలు సహకరించిననాడు బస్సు ఉండదు. ఆ సంగతి శ్యాంసన్‌కూ తెలుసు. తెలిసే, ఉమ అనే పిల్లను వాళ్ల గూడేనికి పంపించాడు.

ఉమది కొమరోలు. బోర్లు ఎండిపోయిన సేద్యంలోంచి పట్టుబట్టి చదువుకుని బయటపడిన పిల్ల. దూరాన ఏదో కాలేజీలో పరిశోధన చేస్తోంది. మోటార్లూ ఇనుప కమ్మీలూ లేకుండా, చెట్ల నుంచి పురుగుల నుంచి దొరికే పదార్థాలతో, కండరంలాగా కదిలే మెత్తటి పట్టీలు చేసి, చచ్చుబడిన చేతులకు తొడగాలని ఆమె ప్రయత్నం. మొదట వచ్చి పెద్దమల్లయ్య చేతి కొలతలు తీసుకుని పోయింది. రెండోసారి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో తడిగుడ్డ, తడిగుడ్డలో తొడుగు. తొడుగంటే ఎంతో ఏమీ లేదు, ఐదు వేళ్లకు ఐదు పట్టీలు, వాటన్నిటినీ మణికట్టు దగ్గర కలిపే ఒక పటకా. పట్టీలు మెత్తగా, జారుడుగా, నీళ్లలో నానిన తోలులాగా ఉన్నాయి.

"ఇది దేంతో చేసినానో చెప్పు పెద్దమ్మా" అంది ఉమ.

ఈరమ్మ వేలితో నొక్కి, వాసన చూసి, పకపకా నవ్వింది. "మా బంకే గదా పాపా! మా కాడ కొనుక్కపోయి మాకే మందని తెస్తివా?"

"మీ బంకే. ఒక పక్క బంక, ఇంకో పక్క పట్టుగుడ్డ. ఈ సన్న గొట్టంలోంచి నీళ్లు పోస్తే బంక తాగి ఉబ్బుతాది. గుడ్డేమో సాగదు. అప్పుడు పట్టీ గుడ్డ వైపుకు వంగుతాది, వేళ్లను తనతో పాటు ఎనక్కి తీసుకపోతాది. ఉప్పునీళ్లు పోసినామంటే తాగిన నీళ్లు వదిలేసి మళ్లా తగ్గుతాది. ఇనుపది పెట్టి లాగితే పుండు చినుగుతాది పెద్దమ్మా. ఇది లాగదు. బతిమాలుతాది."

పెద్దమల్లయ్య మంచం మీద నుంచి ఆ డబ్బా వైపు అనుమానంగా చూశాడు. "ఆ చెట్లను నేను ఎన్ని గాట్లు పెట్టినానో లెక్కల్యా. ఇప్పుడు అయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంటాయంట" అన్నాడు.

పట్టుకున్నాయి. ఆ రోజు ఉమ ముడుచుకున్న వేళ్ల కిందికి పట్టీలు మెల్లగా దూర్చి, నీళ్లు పోసి ఊరికే కూర్చుంది. ఈరమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి చూసింది, ఏమీ లేదు. బియ్యం వేసి వచ్చి చూసింది, ఏమీ లేదు. గంజి వార్చి వచ్చేసరికి చిటికెన వేలు అరచేతిలోంచి లేచి ఉంది. దాని పక్కది కూడా కొంచెం లేచింది. ఎవరూ లాగలేదు, ఆయన అబ్బా అని కూడా అనలేదు. ఎన్ని నెలలకో ఆ అరచేతిలోకి వెలుతురు పడింది. లోపల తెల్లగా నాని, గోళ్ల గుర్తులతో, చీము పట్టి ఉన్న ఆ చేతిని చూసి ఈరమ్మ భోరుమని ఏడ్చింది. ఆ చెయ్యి బాగుపడుతుందని ఆమెకు అప్పుడే గట్టిగా అనిపించింది. ఏడుపు అందుకే వచ్చింది.

పోయేటప్పుడు ఉమ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఒక్కటే గుర్తు పెట్టుకో పెద్దమ్మా. దీన్ని ఎప్పుడూ తడిగుడ్డలోనే పెట్టాల. ఆరనీయొద్దు."

"అట్లే" అంది ఈరమ్మ. అట్లే అనడానికి ఎంతసేపు? బుద్ధి తెలిసినప్పటి నుంచీ బంకను ఆరబెట్టడం తప్ప ఇంకోటి ఎరగని చేతులు ఆమెవి. ఆ చేతులకు ఆ మాట ఎక్కిందా లేదా అని ఉమ అడగలేదు, ఈరమ్మా ఆలోచించలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు వాళ్ల బతుకులో మంచి రోజులు. ఉమ వారం వారం వచ్చి పట్టీలు మార్చిపోయేది. ఈరమ్మ పొద్దునొకసారి, మాపటికి ముందొకసారి తొడుగు కట్టేది. పుండు మానుపట్టింది. ఒకనాడు పెద్దమల్లయ్య తెరుచుకున్న వేళ్ల మధ్య చుట్ట పెట్టించుకుని, ఉప్పునీళ్లు పోయమన్నాడు. వేళ్లు మెల్లగా దిగి చుట్టను పట్టుకున్నాయి. అది జారి పడేలోపు గూడెంలో సగం మంది చూశారు.

"ఇంకేం, రేపటికి గొడ్డలి పట్టుకుంటావు" అని ఎగతాళి చేశారు.

"గొడ్డలి నాకెందుకురా. నా అన్నం నేను కలుపుకుంటే సాలు" అన్నాడాయన.

ఆ మాట ఈరమ్మ మనసులో నాటుకుంది. దేవుడికి మొక్కుకున్నప్పుడు కూడా అంతకంటే ఎక్కువ అడగలేదు.

ఎండలు పెరిగాయి. ఉమ రావడం తగ్గింది. కాలేజీలో ఏవో పరీక్షలు, ఏవో లెక్కలు చూపించాలట. పట్టీలు మార్చేవాళ్లు లేరు. రేకుల కప్పు కింద డబ్బా పొయ్యి దగ్గర పెట్టినట్టే కాగేది. ఒక పొద్దున ఈరమ్మ మూత తీసేసరికి గుప్పుమని కంపు. పట్టీల మీద జిగటగా పొర, అక్కడక్కడా నల్లటి చుక్కలు. ఆ వాసన ఆమె ఎరుగని వాసన కాదు. షెడ్డు దగ్గర చెడిపోయిన బస్తాలు విప్పినప్పుడు వచ్చేది అదే వాసన. అప్పుడు ఆ బస్తా మనిషి తలవంచుకుని నిలబడడం ఆమె ఎన్నోసార్లు చూసింది. అలా నిలబడే గతి తనకు ఏనాడూ పట్టలేదు.

గుట్ట ఎక్కితే గాని ఫోను అందదు. ఎక్కి చేసింది. ఆమె నోరు తెరిచేలోపే అవతల ఉమ గొంతు సంబరంతో గబగబా వచ్చింది.

"పెద్దమ్మా, నేనే చేద్దామనుకుంటా ఉండా! ఈ శుక్రవారం మా నరేంద్ర సారు వస్తాన్నారు, ఆయనతో ఆసుపత్రి డాక్టర్లు ఇద్దరు. మన తొడుగు ఇంట్లో పెట్టుకుని వాడినా చెడిపోలేదని వాళ్లు కళ్లారా చూడాలంట. చూసి సరేనన్నారంటే ఏడాది పొడుగునా పెద్దనాయనకు కొత్త పట్టీలు వస్తాయి, నేనే తెస్తా. కాదన్నారంటే ఇంక నా చేతిలో ఏం ల్యా. నా కాడ ఉన్నెవన్నీ ల్యాబులో పరీక్షలకు తెంచేసినారు. నీ కాడ ఉండేది ఒక్కటే. బాగుంది గదా?"

చెడిపోతోందని చెప్పాల్సిన సమయం అదే. అప్పుడు చెప్పి ఉంటే ఉమ పరుగెత్తుకు వచ్చేదేమో, ఏదో ఒక మందు పూసేదేమో, కనీసం వచ్చేవాళ్లను వారం ఆగమనేదేమో. కానీ ఈరమ్మ నోట్లోంచి ఆ మాట రాలేదు. నా చేతిలో బంక చెడిపోయింది అనే మాట ఆమె పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ అనలేదు.

"శానా బాగుంది పాపా. నువ్వేం బెంగ పెట్టుకోవాక" అంది.

గుట్ట దిగి వచ్చి తొడుగు బయటికి తీసింది. మంచినీళ్లతో కడిగింది. కత్తి మొనతో నల్లచుక్కలు ఒక్కొక్కటే గీకేసింది. ఉతికిన తెల్లగుడ్డ పరిచి, పట్టీలను విడివిడిగా సర్ది, పంచలో నీడన ఆరబెట్టింది.

మంచం మీద నుంచి పెద్దమల్లయ్య చూస్తున్నాడు. "ఆ పిల్ల ఆరనీయొద్దనె గదే?"

"బంక సంగతి నాకు చెప్తావా? తడి ఉంటేనే చెడిపోయింది. ఆరితే ఏడాదైనా ఉంటది. నీళ్లు పోస్తే మళ్లా లేస్తది. చిటికెడు బంక నానేస్తే గిన్నె నిండట్లా?"

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. చెట్టు దగ్గర మాట ఆయనది, చెట్టు నుంచి కారిన బంక దగ్గర మాట ఆమెది. వాళ్ల కాపురంలో ఎప్పటి నుంచో అదే ఒప్పందం. ఈరమ్మ మాపటిదాకా ఆ పట్టీలను తిప్పుతూనే ఉంది. కంపు పోయింది. జిగట పోయింది. మర్నాటికి పట్టీలు తేనె రంగులో, గాజులాగా, అవతలి వెలుతురు కనబడేటట్టు తయారయ్యాయి. ఇంతకంటే మొదటి రకం బంక ఎవరూ తెచ్చి ఉండరని ఆమెకు లోపల్లోపల గర్వం కూడా వేసింది. ఆ గర్వం తలుచుకుంటే నాకు ఆమె మీద కోపం రాదు, జాలీ రాదు. మనిషికి బాగా తెలిసిన పనే మనిషిని ఇలా ముంచుతుంటే ఇంక ఎవరిని నమ్ముకోవాలో అర్థం కాదు, అంతే.

శుక్రవారం జీపు వచ్చింది. నరేంద్ర సారు నెమ్మదస్తుడు, ఉమకు చదువు చెప్పే పెద్దాయన. ఎండకు మొహం తుడుచుకుంటూ పెద్దమల్లయ్యకు దండం పెట్టాడు. డాక్టర్లు ఇద్దరూ మంచానికి అటూ ఇటూ నిలబడ్డారు. వాళ్లు చేతిని చూశారు. మానుతున్న పుండును చూసి ఒకాయన తల ఊపాడు కూడా. అది చూసి ఉమ మొహం వెలిగిపోయింది.

"తొడుగు తీసుకరా పెద్దమ్మా" అంది.

ఈరమ్మ పెళ్లివారికి తాంబూలం తెచ్చినట్టు రెండు చేతులతో డబ్బా తెచ్చి మూత తీసింది. ఉమ లోపలికి చూసింది. చూసి, తడిగుడ్డ కోసం వెతికింది.

"పెద్దమ్మా, ఇదేంది?"

"ఆరబెట్టినా పాపా. రవ్వంత కంపు వచ్చింటే. ఇప్పుడు సూడు ఎంత శుభ్రంగా ఉండాదో."

ఉమ పట్టీలను చేతిలోకి తీసుకుంది. చూపుడువేలి పట్టీని వంచబోయింది. అది టప్పున విరిగింది. మిగిలిన నాలుగింటినీ నీళ్లలో వేసి అందరూ నిలబడ్డారు. బంక లేచింది, ఈరమ్మ చెప్పినట్టే లేచింది. కానీ ఒకచోట ఉబ్బి, ఒకచోట పగిలి, పట్టుగుడ్డను వదిలేసి, నీళ్లలో ముద్దగా తేలింది. గుడ్డపీలికలు అడుగున మిగిలాయి. నీళ్లు ఎన్ని పోసినా వేళ్లను ఎత్తేది ఇంక అందులో ఏమీ లేదు. ఈరమ్మ కంగారుగా చెయ్యి పెట్టి ఆ ముద్దను గుడ్డకు మళ్లీ అంటించబోయింది. అది వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

ఒక డాక్టరు రెండో డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. చదువు లేకపోయినా ఏ భాషలో అన్నా అర్థమయ్యే మాటలు కొన్ని ఉంటాయి. ఈరమ్మకు అర్థమయింది.

"తప్పు నాది సార్" అంది ఉమ. "నేను సరిగ్గా చెప్పలేదు. మధ్యలో రాలేదు కూడా."

"లేదు సారూ, చెప్పింది" అంది ఈరమ్మ. "ఆరనీయొద్దని చెయ్యి పట్టుకుని చెప్పింది. నేనే ఆరబెట్టినా. కంపు వచ్చిందని కూడా నేను చెప్పల్యా. ఆ పిల్లను ఏమీ అనొద్దు సారూ. ఇంకోటి ఇస్తే కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటా."

నరేంద్ర సారు వంగి ఒక గుడ్డపీలికను నీళ్లలోంచి తీశాడు. "అమ్మా, నువ్వు చెడగొట్టావని కాదు" అన్నాడు. "చల్లటి పెట్టె లేని ఇంట్లో ఇది ఎవరి దగ్గరున్నా ఇంతే అవుతుంది. ఇళ్లకు ఇచ్చే వస్తువు కాలేదు ఇంకా. దీన్ని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను."

"మరి ఈయన చెయ్యి?" అంది ఈరమ్మ.

డాక్టర్లు జీపు వైపు నడిచారు. జీపు పోయాక డబ్బాలో మిగిలిన ముద్దను ఈరమ్మ పారబోయలేదు, అక్కడే పెట్టుకుని కూర్చుంది. పెద్దమల్లయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఉమ మనసు ఊరుకోలేదు పాపం. వానలు మొదలయ్యాక ఒకరోజు ఒక్కతే వచ్చింది. దొరికిన సామానుతో ఎలాగో కష్టపడి ఇంకో తొడుగు చేసి, మంచుగడ్డల డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. అప్పటికి పిడికిలి మునుపటి కంటే బిగుసుకుంది. పాత కొలతలకు చేసిన పట్టీలు వేళ్ల కిందికి దూరనే లేదు. కింద పట్టీ దూర్చడానికి గోరంత సందు కావాలి, ఆ సందు లేదు. ఉమ కాసేపు ప్రయత్నించి, ఆయన మూలగడం విని ఆపేసింది. తొడుగు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"ఊరుకో బిడ్డా" అన్నాడు పెద్దమల్లయ్య. "నీకేం తెల్సు, నాకేం తెల్సు. బతిమాలితే ఇన్నాళ్లు ఇన్యాది ఈ చెయ్యి. ఇప్పుడు ఇనడంల్యా."

ఆ రోజు తర్వాత ఉమ మళ్లీ రాలేదు. రావడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

పుండు తిరగబెట్టింది. ఈసారి లోతుగా పోయింది. ఈగలను తోలలేక ఈరమ్మ చేతికి గుడ్డ చుట్టింది, గుడ్డ తడిసి కంపు కొట్టేది. జ్వరం వచ్చి ఆయన మాట తడబడేసరికి, గూడెంలో వాళ్లు ఆటో మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, మణికట్టు దగ్గర లోపలి నరాలు కోసేస్తానన్నాడు.

"కోస్తే వేళ్లు తెరుచుకుంటాయి. పుండు మానుతుంది, రోజూ కడుక్కోవచ్చు. పట్టు మాత్రం ఉండదు. మళ్లీ మూసుకోవు."

ఈరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు.

పుండు మానడానికి కొన్ని వారాలు పట్టింది. ఇంటికి వచ్చాక ఈరమ్మ రోజూ పొద్దున ఆయన చేతిని గిన్నెలో పెట్టి సబ్బుతో కడిగేది. కంపు లేదు, చీము లేదు. డాక్టరు చెప్పినంతా నిజమయింది. ఐదు వేళ్లూ చాపుకుని ఆ చెయ్యి ఆయన ఒళ్లో, విస్తరాకు వేసినట్టు వెల్లకిలా పడి ఉండేది. పెట్టింది పెట్టినచోటే ఉంటుంది, తిప్పితే జారిపోతుంది. ఈరమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతుంటే ఆయన అడ్డు చెప్పడం మానేశాడు.

ఒకరోజు చెయ్యి కడిగి తుడుస్తుంటే ఆయన ఆ అరచేతి వైపు చాలాసేపు చూశాడు.

"మూసుకున్నప్పుడే బాగుండె ఈరమ్మా" అన్నాడు. "పుండైతే అయ్యింది గానీ, లోపల ఏందో పట్టుకున్నట్టు ఉండేది."

ఈరమ్మ తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. ఆయన వేళ్లను ఒక్కొక్కటే లోపలికి మడిచి, పిడికిలిగా చేసి, తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చేదాకా అలాగే కూర్చుంది. లేవాల్సి వచ్చి చేతులు తీసేసరికి వేళ్లు మళ్లీ చాపుకున్నాయి.